ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు అడగమను

మచిలీపట్నం,
ఆదివారం.

చిరంజీవి స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక మాట మార్చేశాను. "సాంఖ్యక శాస్త్రం, అదే స్టాటిస్టిక్స్, చివరి పాఠమే కదా, నాలుగు పీరియడ్లలో అవగొట్టెయ్యొచ్చు అంటున్నారు స్టాఫ్‌రూంలో. నిజమేనా పెద్దమ్మా?" అన్నావు. నిజమే, అవగొట్టొచ్చు. డిగ్రీ కాలేజీకి రాకముందు బడిలో చేసిన రోజుల్లో నేనూ అలాగే అవగొట్టాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి కొన్నేళ్ళకి డిగ్రీలో మళ్ళీ నా క్లాసుకే వచ్చింది. బాహుళకం సూత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "సరేగానీ, బాహుళకం అంటే ఏమిటమ్మా?" అంటే, ఎక్కువసార్లు వచ్చే విలువ అని ఒక్క ముక్క చెప్పలేక దిక్కులు చూసింది. ఆ పిల్ల ముందు నాకే తలకొట్టేసినట్టయింది. చెప్పింది నేనే కదా.

ఇన్నేళ్ళు చెప్పాక నేను తేల్చుకున్నది ఒకటే. అంకెతో ఏం చెయ్యాలో నేర్పే ముందు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడం నేర్పు. ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, ఎలా కొలిచారు, ఎవర్ని వదిలేశారు. సూత్రాలు ఆ తర్వాత ఎప్పుడైనా వస్తాయి.

నాకిది తెలిసొచ్చింది 1991 జనాభా లెక్కలప్పుడు. దివిసీమలో ఒక ఊళ్ళో డ్యూటీ పడింది. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని వయసెంతమ్మా అంటే, ఆవిడ "నలభై వేసుకోండి" అంది. చూస్తే అంతున్నట్టు లేదు. "ఉప్పెన నాటికి పెళ్ళయిందా?" అనడిగాను. ఆ ప్రాంతంలో ఏ సంగతైనా 1977 ఉప్పెనకి ముందా, తర్వాతా అనే చెబుతారు. "అయింది. పెద్దోడు అప్పుడప్పుడే పాకుతున్నాడు. వాణ్ణి చంకనేసుకునే కదూ మేడెక్కింది" అంది. పెళ్ళి ఎన్నో ఏట, పిల్లాడు ఎన్నాళ్ళకి అని వేళ్ళ మీద లెక్కేస్తే ముప్పై రెండుకి మించలేదు. ఆ రాత్రి ఫారాలన్నీ ముందేసుకుని వయసులు మాత్రం ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయాను. 30, 35, 40, 45 దగ్గర జనం కిక్కిరిసిపోయారు. 31, 37, 43 దగ్గర ఈగలు తోలుకుంటున్నాయి. ఊరు ఊరంతా ఐదేళ్ళకోసారే పుట్టదు కదా!

ఈ రోగం మన ఊరిదే కాదు, ప్రపంచమంతా ఉంది. దాన్ని కొలవడానికి విప్పుల్ సూచిక అని ఒకటుంది. 23 నుంచి 62 ఏళ్ళ దాకా ఉన్నవాళ్ళని తీసుకుని, అందులో సున్నాతో, ఐదుతో ముగిసే వయసులు ఎంతమంది చెప్పారో చూస్తారు. ఏ పక్షపాతమూ లేకపోతే 100 వస్తుంది, అందరూ ఆ వయసులే చెబితే 500. డిగ్రీ పిల్లలకి సూచిక చెప్పు. తొమ్మిదో తరగతి వాళ్ళకి సూచిక అక్కర్లేదు, ఒక్కొక్కరిని ఐదేసి ఇళ్ళకి పంపి పెద్దవాళ్ళ వయసులు రాసుకు రమ్మను. పేర్లు వద్దు, వయసులు చాలు. ఏ వయసువాళ్ళు ఎంతమందో చూపే పౌనఃపున్య విభాజన పట్టిక వాళ్ళే వేస్తారు. పుస్తకంలో పట్టిక వండి వడ్డించినట్టు ఉంటుంది. పొయ్యి దగ్గర ఏం జరిగిందో పిల్లాడికి తెలియదు.

ఒకే వీధికి రెండు జట్లని పంపు, ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకి చెప్పకు. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో తగువులాడుకోనియ్. ఇది నా తెలివేం కాదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్లో జనపనార సాగు ఎంతుందో సర్వే చేయిస్తూ, ఒకే ప్రాంతంలో వేరు వేరు జట్లతో విడివిడిగా శాంపిళ్ళు తీయించేవాడు. జట్ల లెక్కలు కలవకపోతే పొలంలోనో, పనివాడిలోనో ఏదో తేడా ఉందని తెలిసిపోయేది. ఆయన పుట్టినరోజు జూన్ 29. ఆ రోజునే 2007 నుంచి గణాంక దినోత్సవంగా చేస్తున్నారు. బడులు తెరిచిన కొత్త. ఫోటోకి దండేసి వ్యాసరచన పోటీ పెట్టేకంటే ఈ రెండు జట్ల పని పెట్టు.

చిన్న తరగతులు నీవి కావు గానీ, ప్రైమరీ స్కూల్లో చేస్తున్న మీ ఆడపడుచుకి చెప్పు. మూడో తరగతికి పెన్సిలూ అక్కర్లేదు, ఖాళీ అగ్గిపెట్టెలు చాలు. పొద్దున ఏం తిన్నారని అడిగి, ఇడ్లీకి ఒక దొంతర, దోశకి ఒకటి, చద్దన్నానికి ఒకటి, తలా ఒక పెట్టె పెట్టమనాలి. దిమ్మె చిత్రం వచ్చేసినట్టే. నేను చేయించినప్పుడు ఒక పిల్లాడు ఇడ్లీ, అన్నం రెండూ తిన్నానని పెట్టెని రెండు ముక్కలు చెయ్యబోయాడు. ఇంకో నలుగురు పెట్టెలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. వాళ్ళేమీ తినలేదు. నేను వాళ్ళకి చోటే పెట్టలేదు. అప్పటికప్పుడు 'ఏమీ లేదు' అని సుద్దతో రాసి ఇంకో గడి గీశాను. పట్టికలో ఏ గడులు ఉండాలన్నది ఎవరో ఒకరు ముందే తేల్చేస్తారని నాకు అర్థమైంది ఆ రోజే.

ఏడూ ఎనిమిదికి జానలతో బోర్డు కొలిపించు. ఒకడికి పన్నెండు వస్తుంది, ఇంకొకడికి పదిహేను. "నీ చెయ్యి చిన్నదిరా" అని గొడవ మొదలవుతుంది. అప్పుడు టేపు ఇచ్చి మళ్ళీ కొలవమను. ఇక అందరికీ ఒకటే వస్తుందని ధీమాగా ఉంటారు. రాదు. ఒకడు చెక్క అంచు నుంచి కొలుస్తాడు, ఇంకొకడు నల్లరంగు నుంచి. ఒకడు టేపు వదులుగా పడతాడు. రెండో పట్టికలో చెదురు తగ్గుతుంది గానీ పోదు. ఆ చెదురుని కొలిచే ప్రామాణిక విచలనం అనే పేరు ఇంటర్ దాకా ఎత్తకు. దాని పని మాత్రం వాళ్ళు చేత్తో పట్టుకుని చూసేశారు. ఇంటర్లో మొదటిసారి ఆ పేరు వినే పిల్లలకి వర్గాలు వెయ్యడం, వర్గమూలం తియ్యడం తప్ప ఇంకేమీ కనపడదు పాపం.

పదో తరగతి దగ్గర నీతో అబద్ధం చెప్పను. అక్కడ పబ్లిక్ పరీక్ష ఉంది. సూత్రం రావాలి, సగటు తేలిగ్గా కట్టే సోపాన విచలన పద్ధతి రావాలి. వాటికి ఎనిమిది పీరియడ్లు తీసుకో, సిగ్గుపడకు. కానీ అందులో ఒకటి నాకోసం కేటాయించు. మీ బడి పాత మార్కుల రిజిస్టరు తీసి, పేర్లు లేకుండా ఒక పరీక్ష మార్కులు బోర్డు మీద రాయి. ముందు తరగతి అంతరం, అంటే ఒక్కో గడి వెడల్పు, పది మార్కులు పెట్టి సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) గీయించు. బుద్ధిమంతురాలిలా నున్నగా వస్తుంది. తర్వాత అంతరం ఒకటి చేసి గీయమను. 33, 34 దగ్గర గుంట, 35 దగ్గర మిట్ట. ఎందుకో నీకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ముప్పై మూడొచ్చిన పేపరుని మళ్ళీ తిరగేసి ఎక్కడో రెండు మార్కులు వెతికి వెయ్యని మనిషిని నేను చూడలేదు. నేనూ వేశాను, ఇప్పుడైనా వేస్తాను. కానీ ఆ మిట్ట పిల్లల తెలివిది కాదు, మన జాలిది. 30–40 అన్న గడిలో ఆ జాలి కనపడకుండా పోయింది. తరగతి అంతరం ఎంచుకోవడం చిన్న విషయం కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

సగటూ మధ్యగతమూ చెప్పేటప్పుడు ఊళ్ళో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఫ్లెక్సీ అయినా పనికొస్తుంది. పది మందికి ఉద్యోగాలొచ్చాయనుకో. తొమ్మిది మందికి మూడున్నర లక్షలు, ఒక్కడికి నలభై నాలుగు. సగటు ప్యాకేజీ ఏడు లక్షల యాభై ఐదు వేలు. ఆ జీతం ఆ పదిమందిలో ఒక్కడికీ లేదు. మధ్యగతం, అంటే జీతాలన్నీ వరసలో పెడితే నడిమధ్యన పడేది, మూడున్నరే. ఇంతవరకూ అందరూ చెబుతారు. నువ్వు ఇంకొక్క ప్రశ్న వెయ్యి: ఉద్యోగం రానివాళ్ళు ఈ లెక్కలో ఉన్నారా? ర్యాంకుల ప్రకటనలకీ అదే మందు. వందలోపు ర్యాంకులు ఎన్ని అని పెద్దక్షరాల్లో వేస్తారు, మొత్తం ఎంతమంది రాశారో ఎక్కడా వెయ్యరు. మన ఇళ్ళల్లో లక్షలు పోసే నిర్ణయాలు ఈ హారం లేని భిన్నాల మీదే జరుగుతున్నాయి. పిల్లలు ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెబితే నీ మీద ఎవరికైనా కోపం రావచ్చు. రానీ.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. శాంపిల్ గురించి ప్రతి మాస్టారూ ఇదే చెప్పి ఊరుకుంటాడు. ఇంట్లో గిన్నెకి సరే. పెళ్ళిలో గుండిగకి? పైన పలుకు, అడుగున మాడు. వంటాయన గరిటె అడుగుదాకా దించి మూడు చోట్ల తీసి చూస్తాడు, గమనించు. పంట కోత ప్రయోగాలదీ అదే బాధ. వరికి ఐదు మీటర్లకి ఐదు మీటర్లు కొలిచి, కోసి, నూర్చి తూస్తారు. ఆ ముక్క ఎక్కడ పడాలన్నది యాదృచ్ఛిక సంఖ్యలు చెప్పాలి. రైతు "ఆ మూల చవుడండీ, ఇటు తియ్యండి" అంటాడు. అటూ ఇటూ ఎవరు జరిపినా ఆ మండలం దిగుబడి లెక్కే జరిగిపోతుంది. మీ బడి పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో వ్యవసాయమే కదా, కోతలప్పుడు ఒకసారి తీసుకెళ్ళి చూపించు.

ఇక డిగ్రీ సంగతి. అది నీకు ఇప్పుడే అక్కర్లేకపోయినా, నేను ఎక్కువ సంతోషపడ్డ క్లాసు అక్కడిదే కాబట్టి రాస్తున్నాను. సుమతి అని పిలుచుకుందాం, ఒకమ్మాయి. క్యాన్ నీళ్ళకీ కుళాయి నీళ్ళకీ తేడా నాలుక మీద పెట్టగానే చెప్పేస్తానంది. సరే, ఎనిమిది స్టీలు గ్లాసులు, నాలుగింట్లో ఇవి, నాలుగింట్లో అవి. రెండూ ఒకే చల్లదనం ఉండాలని పొద్దున్నే పట్టి పక్కపక్కన పెట్టాం. గ్లాసుల అడుగున గుర్తులు. పోసిన పిల్ల బయటికి వెళ్ళిపోయింది, ముఖం చూసి పట్టేస్తుందేమోనని. సుమతి గుక్కెడు గుక్కెడు తాగి నాలుగు గ్లాసులు క్యాన్‌వని పక్కన పెట్టింది. అందులో మూడు సరిగ్గా ఉన్నాయి. క్లాసంతా చప్పట్లు.

"ఆగండి" అన్నాను. ఎనిమిదింట్లో నాలుగు ఎంచుకోవడానికి 70 దారులున్నాయి. నాలుగూ సరిగ్గా పడే దారి ఒక్కటి, మూడు సరిగ్గా పడేవి 16. అంటే నాలుక లేని మనిషి కళ్ళు మూసుకుని ఎంచినా, 70కి 17 సార్లు మూడో నాలుగో తగులుతాయి. ఇంచుమించు నాలుగోవంతు. నమ్మలేదు. డబ్బాలో ఎనిమిది చీటీలేసి నలభై మంది చేతా నాలుగేసి తీయించాను. పదకొండు మందికి మూడు, ఒకమ్మాయికి నాలుగుకి నాలుగు పడ్డాయి. నీళ్ళు నోట్లో కూడా పోసుకోకుండానే! నలభై మంది తీస్తే ఎవరో ఒకరికి అలా పడటంలో వింత లేదని వాళ్ళంతట వాళ్ళే అన్నారు. ప్రయోగం అసలు గణాంక శాస్త్రవేత్త ఫిషర్‌ది. ఇంగ్లండులో ఒకావిడ టీలో పాలు ముందు పోశారా తర్వాతా అన్నది రుచి చూసి చెప్పగలనంటే ఆయన ఆలోచించిన పద్ధతి. టీకి బదులు మనకి నీళ్ళు. ఉత్త అదృష్టం మీదే ఇంత ఫలితం రావడానికి ఎంత అవకాశముందో చెప్పే అంకెని పి-విలువ అంటారు. ఆ సెమిస్టరులో దాని గురించి నేను మళ్ళీ నోరు విప్పాల్సిన పని పడలేదు. ఎక్సెల్‌లో ఒక్క నొక్కుతో వచ్చే ఆ అంకె కోసం అంతసేపు ఎందుకని మా కుర్ర లెక్చరర్ ఒకతను అన్నాడు. ఏం చెప్పను?

ఒక్క జాగ్రత్త. ఇలా చెబితే పిల్లలు ప్రశ్నలు వేస్తారు, నీకు రానివి కూడా వేస్తారు. మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళారు కదా, అక్కడ పాతికేళ్ళు నిండకుండానే పాఠం చెబుతున్నారు. పెద్ద శాంపిళ్ళకి ఫిషర్ చెప్పిన ఫలితం ఒకటి చెప్పగానే దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్ళకి కూడా ఇలా ఏదైనా నిరూపించొచ్చా అనడిగాడట. రావుగారి దగ్గర అప్పటికి జవాబు లేదు. ఇంటికెళ్ళి రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయింది. శాంపిల్ నుంచి వేసే అంచనా ఎంతకు మించి కచ్చితంగా ఉండలేదో చెప్పే ఆ ఫలితాన్నే ప్రపంచమంతా క్రామర్–రావు హద్దు అంటోంది. మనకి అంతటివి తగలవులే. కానీ "సిలబస్‌లో లేదు, కూర్చో" అనే మాట మాత్రం నీ నోట రానియ్యకు. "రేపు చెబుతాను" అను, రేపు చెప్పు.

గ్లాసులు మీ నాన్న బుధవారం వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. ఎనిమిదీ ఒకే సెట్టు, మా అత్తగారివి. నాలుగింటి అడుగున గోళ్ళరంగు చుక్కలున్నాయి, పీచు పెట్టి తోమించకు. బోర్డు కొలతలు రెండు పట్టికలూ నాకు ఫోటో తీసి పెట్టు. టేపుతో కొలిచినదాంట్లో ఎంత చెదురు వస్తుందో నేనిక్కడ ఒక అంకె రాసి డైరీలో పెట్టుకున్నాను.

ఇట్లు,
పెద్దమ్మ