కోడలు రిలాక్సర్ మానేసింది, జుట్టు విరిగిపోతోంది.. మళ్లీ పెట్టుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాకినాడ. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు అక్కడి నల్లజాతి అమ్మాయి, వయసు 34. మాకు ఆరేళ్ల మనవరాలు ఉంది. కోడలికి ఎనిమిదో ఏట నుంచే వాళ్లమ్మ జుట్టు సాఫీ చేసే రిలాక్సర్ క్రీము పెట్టించేదట. దానితో గర్భాశయ క్యాన్సర్ వస్తుందని వార్తల్లో చూసి ఐదు నెలల కిందట మానేసింది. ఇప్పుడు కుదుళ్ల దగ్గర రింగులు, కింద సాఫీ జుట్టు, మధ్యలో పుటుక్కున విరిగిపోతోంది. కణతల దగ్గర కూడా పలచబడింది. మళ్లీ క్రీము పెట్టుకోవాలా, మొత్తం కత్తిరించేసుకోవాలా అని రోజూ టెన్షన్ పడుతోంది. రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నారు. హైదరాబాద్ వచ్చినప్పుడు పార్లర్‌లో స్మూతనింగ్ చేయిస్తే సరిపోతుంది కదా అంటాడు మా అబ్బాయి. నేను అక్కడ ఆరు నెలలు ఉన్నప్పుడు మనవరాలికి రోజూ కొబ్బరినూనె రాసి దువ్వేదాన్ని. పిల్ల ఏడ్చేది, కోడలు ముభావంగా ఉండేది. నేను చేసింది తప్పా?
- ఒక అత్తగారు

సమాధానం: అమ్మా, ముందు మీ కోడలికి ఈ ఒక్క మాట చేరవేయండి. మానేసినందువల్ల జుట్టు విరగడం లేదు. ఇన్నాళ్లూ వాడినందువల్ల విరుగుతోంది. ఈ తేడా తెలియకే చాలామంది మానేసిన నాలుగైదు నెలలకు భయపడిపోయి మళ్లీ డబ్బా తెరుస్తారు.

తల తడిపి ఆమె జుట్టులోంచి ఒక్క పోగు తీసి చూడమనండి. కుదురు దగ్గరి రెండంగుళాలు స్ప్రింగులా ముడుచుకుంటాయి. కింది భాగం తడి దారంలా వేలాడుతుంది. రెండూ కలిసే చోటును వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే అక్కడే తెగుతుంది. రిలాక్సర్‌లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే మనం కాస్టిక్ సోడా అంటామే, అదే. 'నో లై' (కాస్టిక్ సోడా లేనిది) అని రాసిన డబ్బాల్లో కాల్షియం హైడ్రాక్సైడ్‌ను గ్వానిడిన్ కార్బొనేట్‌తో కలిపి వాడతారు. పేరు మెత్తగా ఉన్నా అదీ క్షారమే. మాడు మంట కాస్త తగ్గుతుందేమో గాని జుట్టు మరింత పొడిబారుతుంది. క్షార తీవ్రతను చెప్పే పీహెచ్ వీటికి 12 నుంచి 14 దాకా ఉంటుంది. వెంట్రుకకు రింగు ఆకారాన్నిచ్చే గంధకపు బంధాలను ఈ క్షారం తెంచేస్తుంది. ఒకసారి తెగాక ఏ కండిషనర్, ఏ నూనె వాటిని వెనక్కి తేలేదు. బలహీనపడిన పాత జుట్టును బలమైన కొత్త జుట్టు మోస్తోంది, అతుకు దగ్గర తెగుతోంది. అంతే.

కణతల దగ్గర పలచబడటం వేరే సంగతి, నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది అదే. శిక్షణ కోసం నేను ఇంగ్లండ్‌లో ఉన్న రోజుల్లో ఒక నల్లజాతి మహిళ మా క్లినిక్‌కు వచ్చింది. తలకు కట్టుకున్న సిల్కు గుడ్డ విప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. చెవి నుంచి చెవి దాకా ముందువైపు వేలెడు వెడల్పున జుట్టు లేదు, నున్నటి చర్మం. అంచున మాత్రం సన్నటి నూగు మిగిలింది. ఇరవై ఏళ్లు రిలాక్సర్ పెట్టుకుంటూ, దానిమీదే బిగుతుగా బ్రెయిడ్స్ (సన్నటి జడలు) వేయించుకుంది. నొప్పి పుట్టినప్పుడల్లా 'బాగా పట్టింది' అనుకునేదట. మచ్చ పడిన చోట మేం మళ్లీ జుట్టు మొలిపించలేకపోయాం. రెండేళ్లు ముందుగా వచ్చి ఉంటే చాలా వరకు నిలబెట్టగలిగేవాళ్లమని ఇప్పటికీ బాధేస్తుంది.

జుట్టును పదేపదే లాగడం వల్ల ఇలా రాలడాన్ని మేం ట్రాక్షన్ అలోపీషియా అంటాం. తొలిదశలో లాగడం ఆపేస్తే తిరిగి వస్తుంది. క్షారంతో నీరసించిన జుట్టును లాగితే నష్టం ఇంకా తొందరగా జరుగుతుంది. నల్లజాతి స్త్రీలలో ఎక్కువగా కనిపించే మరో సమస్య నడినెత్తిన మొదలై చుట్టూ పాకుతుంది, మచ్చ వేసుకుంటూ పోతుంది. దాన్ని సీసీసీఏ అంటారు. కొందరిలో జన్యువుల పాత్ర కూడా ఉంది కాబట్టి అన్నింటికీ రిలాక్సరే కారణమని ఆమెను నిందించకండి. నడినెత్తిన దురద, మంట, ముట్టుకుంటే నొప్పి ఉన్నాయేమో అడగండి. ఉంటే ఈ నెలలోనే చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. నల్లజాతివారి జుట్టు చూసి అలవాటున్న డాక్టర్లు హ్యూస్టన్‌లో దొరుకుతారు, వాళ్లనే వెతుక్కోమనండి. రెండో బిడ్డ ఆలోచన ఉందని మొదటి నిమిషంలోనే చెప్పాలి. జుట్టు కోసం మందుల షాపులో సులువుగా దొరికే మినాక్సిడిల్ గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి పనికిరాదు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకుంటే మంచిది.

ఇక క్యాన్సర్ భయం. వార్త అబద్ధం కాదు, కానీ అంకెలు చూడకుండా శీర్షిక చదివితే నిద్ర పట్టదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్లు గమనించి 2022 అక్టోబరులో ఫలితాలు ప్రచురించారు. జుట్టు సాఫీ చేసే రసాయనాలు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో 4.05 శాతం. అంటే ఎక్కువగా వాడిన వందమందిలో నలుగురికి వస్తే, 96 మందికి రాదు. అలాగని రెట్టింపుకు మించిన పెరుగుదలను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ అధ్యయనంలో ఇవి వాడినవారిలో 60 శాతం నల్లజాతి స్త్రీలే. బోస్టన్ యూనివర్సిటీవారు 44 వేల మందికి పైగా నల్లజాతి మహిళలతో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ముట్లుడిగిన తర్వాతి వయసువారిలో, ఏళ్ల తరబడి వాడినవారికి ముప్పు 50 శాతానికి పైగా ఎక్కువగా కనిపించింది. ముట్లుడగనివారిలో ఆ తేడా కనిపించలేదు. గర్భాశయంలో గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్స్‌కూ రిలాక్సర్‌కూ సంబంధం ఉండొచ్చని అదే బృందం 2012లోనే చెప్పింది.

రిలాక్సరే క్యాన్సర్ తెచ్చిందని ఇవి రుజువు చేయవు. కానీ ఈ క్రీముల్లో హార్మోన్ల పనిని చెడగొట్టే పదార్థాలు ఉండొచ్చు, మాడు కాలి పుండు పడిన చోట అవి సులువుగా లోపలికి దిగుతాయి. నేనైతే ఈ ఆధారాలను గట్టిగానే పట్టించుకుంటాను. మీ కోడలు 26 ఏళ్లు వాడింది, నిజమే. ఇప్పుడు మానేసింది, అది మంచి పనే. లక్షణాలేమీ లేకపోతే గర్భాశయ క్యాన్సర్ కోసం ఏటా చేయించుకునే పరీక్షంటూ ఏదీ లేదు, గర్భాశయ ముఖద్వారం కోసం చేసే పాప్ స్మియర్ దీనికి సరిపోదు. నెలసరి మధ్యలో రక్తం కనిపించినా, బ్లీడింగ్ బాగా ఎక్కువైనా, రోజులు పెరిగినా గైనకాలజిస్టును కలవాలి, రిలాక్సర్ వాడిన సంగతి తనే చెప్పాలి. అమెరికాలో ఈ క్యాన్సర్‌తో నల్లజాతి స్త్రీలు తెల్లజాతివారి కంటే దాదాపు రెట్టింపు స్థాయిలో చనిపోతున్నారు. ఆలస్యంగా బయటపడటం అందుకు ఒక కారణం. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. గర్భం విషయానికొస్తే, గతంలో వాడినది పుట్టబోయే బిడ్డకు హాని చేస్తుందని బెంగపడక్కర్లేదు. గర్భంతో ఉన్నన్నాళ్లు, పాలిచ్చినన్నాళ్లు మాత్రం జోలికి పోకపోవడమే నా సలహా.

'ఎనిమిదేళ్ల పిల్లకు కాస్టిక్ సోడా ఎందుకు పెట్టారమ్మా' అని మీకనిపించవచ్చు. దయచేసి వియ్యపురాలిని ఆ మాట అడగకండి. బానిసత్వం నాటి నుంచీ అక్కడ సాఫీ జుట్టును 'గుడ్ హెయిర్' అనడం, రింగుల జుట్టు ఉంటే స్కూల్లో చీవాట్లు, ఆఫీసులో చిన్నచూపు ఉండేవి. అమెరికాలో ట్రాఫిక్ సిగ్నల్‌కు 1923లో పేటెంట్ తీసుకున్న గ్యారెట్ మోర్గన్ అనే నల్లజాతి ఆవిష్కర్త, అంతకు పదేళ్ల ముందే జుట్టు సాఫీ చేసే క్రీము అమ్మేవాడు. అంత పాత కథ ఇది. బిడ్డను ఎవరూ చిన్నచూపు చూడకూడదని ఆ తల్లి చేసింది. మన ఇళ్లలో రంగు తక్కువని ఆడపిల్లకు రకరకాల క్రీములు రాయలేదా? కాలం కొంత మారింది. జుట్టు తీరును బట్టి వివక్ష చూపరాదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసింది. మీ కోడలు ఉండే టెక్సస్‌లో ఇలాంటి చట్టం 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్రెయిడ్స్, లాక్స్, ట్విస్ట్స్ లాంటి జుట్టు అల్లికలు ఉన్నాయని ఉద్యోగంలోగాని, స్కూల్లోగాని ఇబ్బంది పెట్టకూడదు.

కత్తిరించాలా, ఉంచాలా అన్నది ఆమె ఇష్టం. రెండింటికీ దారి చెబుతాను. సాఫీ భాగం మొత్తం ఒక్కసారే తీసేయడాన్ని వాళ్లు 'బిగ్ చాప్' అంటారు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆమెకు ఇప్పుడు అయిదారు సెంటీమీటర్ల సొంత జుట్టు ఉండాలి. రింగులు ముడుచుకుంటాయి గనక చూడటానికి అందులో సగం కూడా కనిపించదు. అద్దంలో మొదటిరోజు ఏడుపు రావచ్చు, ఇంట్లోవాళ్లు ముందే సిద్ధంగా ఉండాలి. ఉంచుకుంటూ మెల్లగా మారాలంటే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొసలు తీయించాలి, వారానికోసారి కండిషనర్ బాగా పట్టించాలి, ఇస్త్రీ చేసే యంత్రాలు పక్కన పెట్టాలి. విగ్గో, ఎక్స్‌టెన్షన్లో పెట్టుకున్నా ఫర్వాలేదు గాని బరువైనవి, జిగురుతో అంటించేవి వద్దు. కణతల జుట్టు ఇప్పటికే అలసిపోయి ఉంది. (మన తిరుమల కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా అమెరికా దాకా వెళ్తాయి. ఈ సంగతి చెబితే మీ కోడలు ఆసక్తిగా వింటుంది.)

ఒకవేళ అన్నీ తెలిసి కూడా మళ్లీ రిలాక్సరే కావాలంటే, అదీ ఆమె హక్కే. అప్పుడు కణతల సమస్య నయమైందని డాక్టర్ చెప్పేదాకా ఆగాలి. ఇంట్లో కాకుండా అనుభవం ఉన్నవారి చేత, కొత్తగా మొలిచిన జుట్టుకే పెట్టించుకోవాలి. రెండుసార్ల మధ్య కనీసం రెండు నెలలు, వీలైతే నాలుగు నెలలు ఆగాలి. ముందురోజు తలస్నానం చేయకూడదు, గోకకూడదు. మంట మొదలైతే 'ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకుంటే పడుతుంది' అనుకోవద్దు, వెంటనే కడిగించేయాలి. మంట అంటే మందు పనిచేయడం కాదు, చర్మం కాలడం.

మీ అబ్బాయి చెప్పిన స్మూతనింగ్ మాత్రం వద్దే వద్దు. మన పార్లర్లలో జుట్టు సాఫీ చేయడానికి వాడే థయోగ్లైకొలేట్ క్రీములు, వాళ్ల హైడ్రాక్సైడ్ క్రీములు ఒకే జుట్టు మీద పడితే గుప్పెళ్లతో చేతిలోకి వస్తుంది. కెరాటిన్ పేరుతో చేసే కొన్నింట్లో వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, అది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రూఢి అయిన పదార్థం. అది లేదని చెప్పి గ్లయాక్సిలిక్ యాసిడ్ వాడిన చోట కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ మాట మన పాఠకురాళ్లకూ చెబుతున్నాను.

చివరికి మీ మనవరాలు. మీరు నూనె రాయడం తప్పు కాదమ్మా, ఎండు జుట్టును దువ్వడం తప్పు. తడితల దువ్వకూడదని మన పెద్దవాళ్లు చెప్పారు, మన జుట్టుకు అది సరైనదే. ఆ పిల్ల జుట్టుకు సూత్రం తిరగబడుతుంది. ఆ వెంట్రుక చుట్లు చుట్లుగా ఉండటం వల్ల మాడు నుంచి వచ్చే జిడ్డు కొసల దాకా జారదు, ఎండినప్పుడు దువ్వితే ప్రతి మలుపు దగ్గరా తెగుతుంది. వారానికోసారి, లేదా పది రోజులకోసారి తలస్నానం చాలు. అక్కడ దాన్ని 'వాష్ డే' అంటారు, ఇంట్లో తలంటు పండగలా సగం రోజు నడుస్తుంది. తల తడిగా ఉండగానే కండిషనర్ ధారాళంగా పట్టించి, జుట్టును నాలుగు పాయలు చేసి, ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఆ తడి మీదే నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయండి, తేమ నిలుస్తుంది. జడలు వదులుగా వేయాలి. నుదుటి దగ్గర చర్మం లాగినట్టు కనిపించినా, చిన్న పొక్కులు వచ్చినా వెంటనే విప్పేయాలి. రాత్రి శాటిన్ టోపీ పెట్టి పడుకోబెట్టాలి, కాటన్ దిండు తేమను పీల్చేస్తుంది. ఆమెకు ఏ రిలాక్సర్ వద్దు, పిల్లలకోసమే అని రాసి ఉన్నది కూడా వద్దు.

ఈసారి వెళ్లినప్పుడు మొదటి వాష్ డే నాడు దువ్వెన కోడలి చేతికిచ్చి, మీరు పక్కన కూర్చుని చూడండి. ఆమె ఎలా పాయలు తీస్తోందో, ఎక్కడ ఆగుతోందో గమనించండి. రెండోసారి మీరు చేయవచ్చు. పిల్ల 'నొప్పి' అన్న చోట చేయి ఆపి, ఇంకాస్త కండిషనర్ రాయండి.