శ్రావణంలో సంతకం, మాఘంలో పెళ్ళి: ఇప్పుడు ఏ తేదీ చెప్పాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. మాది కూకట్‌పల్లి, అత్తగారిల్లు నిజాంపేట. మావారు చదువుకోవడానికి కెనడా వెళ్ళి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నారు. నిశ్చితార్థం అయ్యాక, వీసా పనులకు పనికొస్తుందని పెద్దవాళ్ళు శ్రావణమాసంలో మాకు రిజిస్టర్ మ్యారేజ్ చేయించారు. గుళ్ళో దండలు మార్చుకుని ఫొటోలు దిగాం, తాళి కట్టలేదు. ఆయన వెళ్ళిపోయారు. కార్తీకంలో ఆయనకు పీఆర్, అంటే అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. మాఘంలో అసలు పెళ్ళి జరిగింది. పీఆర్ ఫారంలో తనకు పెళ్ళి కాలేదనే ఉంది. 'ఇప్పుడు చెబితే ఫైలు ఆగిపోతుంది, పీఆర్ వచ్చాక స్పాన్సర్ చేసుకోవచ్చు' అని అమీర్‌పేటలో ఒక కన్సల్టెంట్ చెప్పాడట. నాకు ఇవేవీ తెలియవు. నన్ను అక్కడికి రప్పించుకునే స్పౌజ్ స్పాన్సర్‌షిప్‌కు రిజిస్టర్ సర్టిఫికెట్టే పెట్టాం, నా ఫారాల్లో రెండు తేదీలూ ఉన్నదున్నట్టే రాశాను. ఇప్పుడు కెనడా వలస శాఖ నుంచి లెటర్ వచ్చింది. పీఆర్ నాటికే పెళ్ళయి ఉంటే ఎందుకు చెప్పలేదో సంజాయిషీ ఇమ్మన్నారు. మూడు వారాలే గడువుంది. మాఘం తేదీతో కొత్త సర్టిఫికెట్ తెప్పిస్తానని, పాతది పొరపాటున వచ్చిందని నన్ను అఫిడవిట్ ఇమ్మని మామగారు అంటున్నారు. 'సంతకమే కదమ్మా, కాపురం నిలబడాలి' అంటున్నారు నాన్న. అత్తగారు నా జాతకమే ఇంత అంటున్నారు. వెళ్ళిపోతానని మాదాపూర్‌లో ఉద్యోగం మానేశాను. మావారు 'నాన్న చెప్పినట్టు చెయ్యి' అని ఫోన్ పెట్టేస్తున్నారు. నేను సంతకం పెట్టాలా? ఈ పెళ్ళి ఇక ఇంతేనా? - ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: ఆ అఫిడవిట్ మీద సంతకం పెట్టకండి. చెబుతున్నది మామగారూ కన్నతండ్రీ అయినా సరే పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెబుతాను. రేపు ఆ హాల్లో అందరి ముందూ కూర్చుని 'పెట్టను' అనాల్సింది మీరు కదా. మొండికేస్తున్నట్టు కాకుండా, విషయం తెలిసే అంటున్నట్టు ఉండాలి.

కెనడా పీఆర్‌కు దరఖాస్తు చేసేవాళ్ళు తమ భార్య లేదా భర్త, పిల్లల వివరాలన్నీ చెప్పి తీరాలి. వాళ్ళు వెంట వస్తున్నారా, ఇక్కడే ఉండిపోతున్నారా అన్నదానితో పని లేదు. ఫారం నింపిన రోజుకు పెళ్ళి కాకపోయినా, పీఆర్ చేతికి వచ్చేలోపు అయితే ఆ మార్పు తెలియజేయాలి. అలా చెప్పకుండా పీఆర్ తీసుకుంటే, దాచిపెట్టిన ఆ మనిషిని తర్వాత కుటుంబ సభ్యుల కోటాలో స్పాన్సర్ చేయడానికి వీలుండదు. వాళ్ళ వలస నిబంధనల్లో 117(9)(డి) అనేది ఇదే. ఇన్నేళ్ళు ఆగితే పోతుందన్న గడువు కూడా దీనికి లేదు. పీఆర్ వచ్చాక స్పాన్సర్ చేసుకోవచ్చన్న ఆ కన్సల్టెంట్ మాట, మీ దారికి తలుపు మూసేసే సలహా అన్నమాట.

ఇంత చిన్నదానికి అంత కఠినమా అని మీ ఇంట్లో అనుకుంటూ ఉండొచ్చు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది చిన్నది కాదు. చదువు, అనుభవం చూసి పాయింట్లు వేసి పీఆర్‌కు ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతినే తీసుకోండి. ఒంటరిగా దరఖాస్తు చేసే మనిషి వయసు, చదువు, భాష, కెనడా అనుభవం లాంటివాటికి 500 దాకా వస్తాయి. పెళ్ళయినవారికి అవే 460 దాకా, జీవిత భాగస్వామి అర్హతలకు మరో 40 దాకా. అంటే పెళ్ళి సంగతి చెప్పకపోతే లెక్కే మారిపోవచ్చు. మీవారు పాయింట్ల కోసమే దాచారని నేను అనడం లేదు. ఫైలు చూసే ఆఫీసరుకు ఆ అనుమానం రావడం మాత్రం సహజం.

దాచిన కుటుంబ సభ్యులకు సడలింపు ఉందట కదా అని వాట్సాప్‌లో ఎవరో ఒకరు మీకు పంపుతారు. 2019 సెప్టెంబరులో అలాంటిది మొదలైన మాట నిజమే. అది శరణార్థులుగా వచ్చినవారికి, తామే కుటుంబ స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవారికి ఉద్దేశించింది. మీవారిలా చదువు, ఉద్యోగం మీద పీఆర్ తెచ్చుకున్నవాళ్ళకు కాదు. దాని మీద ఆశ పెట్టుకుని ఈ మూడు వారాలూ పోగొట్టుకోవద్దు.

ఇక మామగారి ఉపాయం. పాత సర్టిఫికెట్ ఇప్పటికే వాళ్ళ దగ్గర ఉంది, మీరే పెట్టారు. లెటర్ వచ్చిందే దాన్ని చూసి. ఇప్పుడు అదే ఇద్దరి పేర్లతో, ఇంకో తేదీతో, ఇంకో కాగితం వెళితే ఆఫీసరు ఏమనుకుంటాడు? వాళ్ళ వలస చట్టం 40వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారం ఇచ్చినవారికి ఐదేళ్ళ నిషేధం పడుతుంది. ఈ ఐదేళ్ళూ పీఆర్‌కు దరఖాస్తే చేసుకోలేరు. ఇప్పటిదాకా తప్పు మీవారి ఫైల్లో ఉంది. మీ ఫారాల్లో మీరు నిజమే రాశారు కాబట్టి మీ పేరు శుభ్రంగా ఉంది. ఆ సంతకంతో తప్పు మీ పేరు మీదకు కూడా వస్తుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో మనవాడున్నాడన్న ధీమా ఇక్కడ చెల్లినా, అబద్ధపు అఫిడవిట్ మన దేశంలోనూ నేరమే. కేసంటూ అయితే ముందు పిలిచేది సంతకం పెట్టిన మిమ్మల్నే, పెట్టించిన పెద్దమనిషిని కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకొకటుంది: 'దండలు మార్చుకున్నాం, తాళి కట్టలేదు.' 2024 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు ముందుకు దాదాపు ఇలాంటి సంగతే వచ్చింది. పెళ్ళి తంతు జరగకుండానే సర్టిఫికెట్ తీసుకున్న ఇద్దరు పైలట్ల కేసు అది. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చెప్పిన ఆచారాలు జరగకుండా, ఒక్క రిజిస్ట్రేషన్‌తోనే హిందూ వివాహం అయిపోదని జస్టిస్ నాగరత్న ధర్మాసనం చెప్పింది. వీసాల కోసం తల్లిదండ్రులు ముందే రిజిస్ట్రేషన్ చేయించే అలవాటును కూడా తప్పుబట్టింది. అంటే శ్రావణంలో మీకు చట్టం దృష్టిలో నిజంగా పెళ్ళయిందా లేదా అన్నది లాయరు చూడదగ్గ ప్రశ్నే.

ఇది చదివి వెంటనే ఎగిరి గంతేయకండి. మీది ప్రత్యేక వివాహ చట్టం కింద, ముప్పై రోజుల నోటీసు ఇచ్చి చేసుకున్న రిజిస్ట్రేషన్ అయితే ఈ వాదన పనికిరాదు. అక్కడ ఆఫీసరు ముందు చేసిందే పెళ్ళి. హిందూ వివాహ చట్టం కిందదే అయినా, ఆ రోజున పెళ్ళి జరిగిందని రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం చేశారు, సాక్షులూ చేశారు. జరగలేదని ఇప్పుడు చెప్పడమంటే రిజిస్ట్రార్ దగ్గర చెప్పింది సరికాదని ఒప్పుకోవడమే. పైగా మన కోర్టు చెప్పిన మాటను కెనడా ఆఫీసరు ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటాడన్నది అక్కడి లాయరు చెప్పాలి. అయినా మామగారి అఫిడవిట్‌కూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అందులో జరిగినదాన్ని చెరిపేస్తున్నారు. ఇందులో ఏం జరిగిందో మొత్తం చెప్పి, దాన్ని చట్టం ఏమంటుందో అడుగుతున్నారు. గుళ్ళో దిగిన ఆ ఫొటోలు, మాఘంలో అచ్చువేసిన శుభలేఖ, ఫంక్షన్ హాల్ రసీదు, పురోహితుడు రాసిచ్చిన లగ్నపత్రిక అన్నీ ఒకచోట పెట్టండి. ఏ వాదనకైనా అవి కావాలి.

లాయరు అంటే నా ఉద్దేశం కెనడాలో లైసెన్సు ఉన్నవాళ్ళు. ఫీజు తీసుకుని కెనడా కేసు చూడాలంటే అక్కడి లాయరో, అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో నమోదైన కన్సల్టెంటో అయి ఉండాలి. పేరు కొడితే ఆ సంస్థ సైట్‌లోనే కనిపిస్తుంది. మీ అమీర్‌పేట ఆయన పేరు ఒకసారి కొట్టి చూడండి, ఊరికే, మీ తృప్తి కోసం. జవాబుకు గడువు పెంచమని కోరవచ్చు. ఆ పని మాత్రం చివరి రోజు దాకా ఆగకుండా ఇప్పుడే చేయాలి. ఈ జవాబులోనే మానవతా కారణాలు చూపి మినహాయింపు అడగాలి. తర్వాత అప్పీలుకు వెళ్ళొచ్చులే అనుకుంటారేమో, ఈ 117 నిబంధన కింద తిరస్కరించిన కేసుల్లో మానవతా కారణాలు చూసే అధికారం అప్పీలు బోర్డుకు లేదు. కాబట్టి చెప్పుకోవలసిందంతా ఇప్పుడే చెప్పుకోవాలి. మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. అడిగినంత మాత్రాన వచ్చేస్తుందని మీకు ఆశ పెట్టలేను.

మీవారికి లాయరు వేరే, మీకు వేరే ఉంటే మంచిది. ఈ మాట మీ ఇంట్లో ఎవరికీ నచ్చదు. కానీ ఈ లెటర్‌తో ఆయన పీఆర్‌కే ప్రమాదం రావచ్చు. ఆయన లాయరు ముందుగా ఆయన్ని కాపాడతాడు, అతని పని అది. 'నా భార్యే తేదీ తప్పు రాసింది' అనే వాక్యం ఏ జవాబులోనూ దొర్లకుండా చూసే మనిషి మీకొకరు కావాలి. ఇక్కడి కాగితాల సంగతి చూడటానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మీవారి విషయానికి వస్తాను. పెళ్ళి ఇక ఇంతేనా అని అడిగారు. మీరు రాసిన నాలుగు ముక్కలతో ఆ మనిషిని తూచలేను. ఇరవైల్లో ఉన్న కుర్రాడు, ఏళ్ళ తరబడి పీఆర్ కోసం ఎదురుచూసి, అది చేతిదాకా వచ్చాక 'నోరు మూసుకో' అని ఎవరో చెబితే మూసుకున్నాడు. భయం అలాంటి పనులు చేయిస్తుంది, అది నాకు అర్థమవుతుంది. అర్థం కానిదేమిటంటే, కార్తీకం నుంచి ఈ లెటర్ వచ్చేదాకా ఆయన మీకు ఒక్క ముక్క చెప్పకపోవడం. మాఘంలో మీ పక్కన పీటల మీద కూర్చున్నప్పుడు కూడా ఈ సంగతి ఆయనకు తెలుసు. మీరు ఉద్యోగం మానేస్తుంటే చూస్తూ ఊరుకున్నారు. ఇప్పుడు కూడా తన తప్పుకు మీ సంతకం అడిగిస్తున్నారు, అదీ తన తండ్రి నోటితో.

అందుకని ఆయన్ని ఒకటే అడగండి. పీఆర్ కోసం పెట్టిన పూర్తి దరఖాస్తు కాపీ, ఇప్పుడొచ్చిన లెటర్, రెండూ మీకు పంపమనండి. ఫోన్లో వద్దు, మెసేజ్ పెట్టండి. 'నేను మీ పక్షానే ఉన్నాను, అబద్ధం వైపు మాత్రం ఉండలేను. ఫైలు పంపితే ఇద్దరం కలిసి జవాబు రాద్దాం' అని రాయండి. ఆయన పంపి, సిగ్గుపడుతూనో ఏడుస్తూనో అయినా మాట్లాడితే, ఈ కాపురానికి ఇంకా చాలా దారి ఉంది. పీఆర్ లేకుండా కూడా ఉంది, ఆయనే తిరిగొచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగం చూసుకోవడంతో సహా. పంపకుండా 'నన్నే నమ్మవా' అని ఎదురు తిరిగితే, అప్పుడు మళ్ళీ రాయండి, వేరే మాట్లాడుకుందాం. ఈ మూడు వారాల్లో విడాకుల మాట ఎత్తకండి, పిల్లల ఆలోచన కూడా పెట్టుకోకండి.

మీ నాన్నగారికి చెప్పడం కష్టం, ఆయన మంచితనంతోనే అంటున్నారు కాబట్టి. ఐదేళ్ళ నిషేధం సంగతి ఆయనకు తెలిసుండదు. 'నాన్నా, ఈ సంతకంతో కాపురం నిలబడదు, నేను సొంతంగా వెళ్ళే దారి కూడా పోతుంది' అని చెప్పండి. ఇది నిజం కూడా. 117 మూసేది కుటుంబ స్పాన్సర్‌షిప్ తలుపును మాత్రమే. మీ చదువు, మీ అనుభవం మీద మీరే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, భర్త వివరాలు దాచకుండా. అత్తగారి జాతకం మాటకు జవాబు చెప్పక్కర్లేదు. ఫారం నింపింది వాళ్ళబ్బాయని ఆవిడకూ తెలుసు. చిలుకూరు వెళ్ళి రమ్మంటే వెళ్ళి రండి, కాస్త గాలి మారుతుంది.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను: మీ పాస్‌పోర్టు, డిగ్రీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? ఇలాంటి ఇళ్ళలో అవి చాలాసార్లు 'భద్రంగా' మామగారి బీరువాలో ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి డిగ్రీ సర్టిఫికెట్ల వాల్యుయేషన్ చేయించాలని చెప్పి తెచ్చుకోండి, అది అబద్ధం కాదు. ఇవ్వబోమంటే, లేదా సంతకం కోసం గట్టిగా ఒత్తిడి చేస్తే, కూకట్‌పల్లికి వెళ్ళిపోండి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ దగ్గర పెట్టుకోండి. మాదాపూర్‌లో మీ పాత టీమ్ లీడ్‌కు ఈ వారమే మెసేజ్ పెట్టండి. పాత ఉద్యోగులను తిరిగి తీసుకోవడం కంపెనీలకు కొత్తేమీ కాదు. లెటర్ ఎటు తిరిగినా మీకు ప్రతి నెలా జీతం పడాలి. లాయరు ఫీజుకు కూడా అదే కావాలి.