అప్‌డేట్ రాని ఫోన్‌లో ఎర్ర తెర ఎలా వచ్చింది?

తెనాలి నుంచి ఒక టీచరు గారు: మా ఫోన్‌ది ఆండ్రాయిడ్ 10. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి చాలా కాలమైంది. మొన్న ‘ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, బిల్లు ఇక్కడ కట్టండి’ అని మెసేజ్ వస్తే కంగారులో లింకు నొక్కేశాను. పేజీ బదులు తెరంతా ఎర్రగా అయిపోయి, ఇది ప్రమాదకరమైన సైటు అని వచ్చింది. అప్‌డేటే రాని ఫోన్‌కి ఆ సంగతి ఎలా తెలిసిందండీ?

మిమ్మల్ని ఆపింది ఫోన్ కంపెనీ కాదండీ, ఫోన్‌లోని క్రోమ్. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్ అప్‌డేట్’ అని ఒకటుంటుంది కదా, అప్‌డేట్ అంటే అదొక్కటే అనుకుంటారు చాలామంది. అది ఆగిపోతే ఫోన్ పని అయిపోయిందని బెంగ, వస్తుంటే ఇక మనకేమీ కాదని ధీమా. నిజానికి దొంగ సైట్ల నుంచి కాపాడేవి ఫోన్‌లోకి నాలుగైదు దారుల్లో వస్తాయి, ఒక్కో దారి ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది, వేగం కూడా ఒకేలా ఉండదు.

అన్నింటికంటే వేగంగా వచ్చేది మీకు కనిపించిన ఎర్ర తెర. గూగుల్ ‘సేఫ్ బ్రౌజింగ్’ అనే పేరుతో దొంగ సైట్ల జాబితా ఒకటి నడుపుతుంది. 2024 దాకా క్రోమ్ ఆ జాబితాను ఫోన్‌లోనే పెట్టుకుని అరగంటకో గంటకో ఒకసారి తాజా చేసుకునేది, మనకి నోటిఫికేషన్ కూడా రాదు. కానీ దొంగలేం తక్కువ తిన్నారా? గూగుల్ చెప్పిన లెక్క ప్రకారమే ఇప్పుడు సగటు దొంగ సైటు బతికేది పది నిమిషాల లోపు. జాబితాలోకి దాని పేరు ఎక్కేసరికి వాడు దుకాణం సర్దేసి ఇంకో పేరుతో ఇంకోటి తెరిచేస్తాడు. అందుకే 2024 మార్చిలో పద్ధతి మార్చారు, ఇప్పుడు మీరు లింకు నొక్కిన క్షణంలోనే తనిఖీ జరుగుతుంది.

‘అయితే నేను చూసే ప్రతి సైటూ గూగుల్‌కి తెలిసిపోతుందా’ అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారు కాబట్టి అదీ ఇప్పుడే చెప్పేస్తాను. ముందు క్రోమ్ ఫోన్‌లోనే ఉన్న ‘ఇవి మంచివే’ అనే జాబితా చూస్తుంది, అందులో దొరికితే కథ అక్కడితో సరి. దొరక్కపోతే ఆ చిరునామాను 32 బైట్ల కోడ్‌గా మార్చి, అందులో మొదటి 4 బైట్లు మాత్రం, గూగుల్ తప్ప దారిలో ఇంకెవరూ చదవలేనట్టు పంపుతుంది. అది కూడా నేరుగా గూగుల్‌కి కాదు, ఫాస్ట్‌లీ అనే వేరే కంపెనీ నడిపే సర్వర్‌కి. ఆ సర్వర్ మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ ఫోన్ చిరునామా) లాంటి గుర్తులు తీసేసి మిగతాది గూగుల్‌కి అందిస్తుంది. ఆ 4 బైట్లతో మొదలయ్యే దొంగ సైట్ల పూర్తి కోడ్‌లన్నీ వెనక్కి వస్తాయి, మీది వాటిలో ఉందా లేదా అని చూసుకునేది మళ్లీ మీ ఫోనే. అంటే మీరు ఎటు వెళ్తున్నారో ఫాస్ట్‌లీకి తెలియదు, వెళ్తున్నది మీరని గూగుల్‌కి తెలియదు. గూగుల్ అంటే నాకు పెద్ద నమ్మకమేమీ లేదు గానీ ఈ ఏర్పాటు మాత్రం బాగుంది.

ఇది మీ ఫోన్‌లో ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సేఫ్ బ్రౌజింగ్. ‘ఎన్‌హాన్స్‌డ్’ పెడితే కాపలా పెరుగుతుంది, గూగుల్‌కి వెళ్లే సమాచారమూ పెరుగుతుంది. లింకు కనిపిస్తే చాలు నొక్కేసే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల ఫోన్‌లో నేనైతే అదే పెడతాను.

ఇంకొక్క మాట. జాబితా తాజాగా ఉన్నా, దాన్ని చదివే క్రోమ్ పాతదైతే లాభం లేదు. క్రోమ్‌కి 2023 ఆగస్టు నుంచి వారం వారం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, అవి ప్లే స్టోర్ నుంచి వస్తాయి, ఫోన్ కంపెనీతో పని లేదు. వేరే యాప్‌ల లోపలే పేజీలు తెరిచే ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ కూడా అంతే. డేటా అయిపోతుందని ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేసి ఉంటే మాత్రం కనీసం ఈ రెండూ వెతికి చేత్తో అప్‌డేట్ చేయండి.

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు: అడ్రస్ పక్కన తాళం గుర్తుంటే సైటు మంచిదని ఇదివరకు అందరూ చెప్పారు. మా తమ్ముడు మోసపోయిన సైటుకీ తాళం ఉంది! దొంగకి తాళం ఎవరిచ్చారు?

ఆ తాళం రావాలంటే సైటుకి ‘ఈ పేరు గల సైటు ఇదే’ అని చెప్పే సర్టిఫికెట్ ఉండాలి. అది ఇచ్చే సంస్థలు ఉన్నాయండీ, పైసా ఖర్చు లేకుండా ఇచ్చేవీ ఉన్నాయి. మీకూ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారం దారిలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల కూర్చున్నవాడు మంచివాడో కాదో అది చెప్పదు. జనం దీన్ని తప్పుగా నమ్ముతున్నారని 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

అయితే మీ ప్రశ్నలో ఇంకో పెద్ద సంగతి దాగి ఉంది. మామూలుగా దొంగ సైటు పేరులో ఎక్కడో ఒక అక్షరం తేడా ఉంటుంది. పేరు కూడా అచ్చం అసలుదే అయి, దానికి సర్టిఫికెట్ కూడా ఉంటే? 2011లో అదే జరిగింది. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ల సంస్థలోకి హ్యాకర్లు దూరి గూగుల్‌తో సహా చాలా సైట్ల పేరు మీద 500కి పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటితో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద నిఘా పెట్టారు. ఆగస్టు చివర్లో సంగతి బయటపడగానే కంప్యూటర్లలోని బ్రౌజర్లు కొద్ది రోజుల్లోనే ఆ సంస్థను నమ్మడం మానేశాయి. మరి ఫోన్లు? ఐఫోన్‌లకి ఆ మార్పు అక్టోబర్‌లో ఐఓఎస్ 5తో గానీ రాలేదు. ఆండ్రాయిడ్‌లో ఎవరిని నమ్మాలనే జాబితా సిస్టమ్ లోపలే ఉండేది, ఫోన్ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపితే తప్ప మారదు. చాలా ఫోన్లకి అది ఎప్పటికీ రాదు.

ఆ లోటు తీరడానికి పన్నెండేళ్లు పట్టింది. 2023 నుంచి ఆండ్రాయిడ్‌లో క్రోమ్ తన జాబితా తానే తెచ్చుకుంటోంది, ఆండ్రాయిడ్ 14 నుంచి సిస్టమ్ జాబితా కూడా ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ ద్వారా మారుతుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఈ పేరు చూసే ఉంటారు, ఎప్పుడూ నొక్కి ఉండరు. అదే ఇది. నొక్కి, రీస్టార్ట్ అడిగితే చేయండి.

పరాయి దేశం కథ అనుకోకండి. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరు మీదే గూగుల్, యాహూ సైట్లకి అనధికార సర్టిఫికెట్లు పుట్టాయి. మన ప్రభుత్వ సంస్థను నమ్మే ఏర్పాటు అప్పట్లో విండోస్‌లో ఉంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ లేదు కాబట్టి ఫోన్లు బయటపడ్డాయి. ఆ తర్వాత క్రోమ్, మన దేశపు సర్టిఫికెట్లను గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ లాంటి కొన్ని చిరునామాలకే పరిమితం చేసింది.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: విజయవాడలో నాన్నగారికి ఐఫోన్ కొనిచ్చాను. దానికి ఈ బాధలేవీ లేవు కదండీ?

లేవని ఎవరన్నారండీ! సఫారీ కూడా చాలావరకు గూగుల్ జాబితానే చూస్తుంది. ఐఓఎస్ 14.5 నుంచి ఆ విచారణ ఆపిల్ సర్వర్ మీదుగా వెళ్తుంది, నాన్నగారి ఐపీ అడ్రస్ గూగుల్‌కి కనిపించదు. సఫారీ సెట్టింగ్స్‌లో ‘ఫ్రాడ్యులెంట్ వెబ్‌సైట్ వార్నింగ్’ ఆన్‌లో ఉందేమో వీడియో కాల్‌లో చూపించమనండి. ఒకటి గుర్తుంచుకోండి, సఫారీ యాప్ స్టోర్‌లో విడిగా అప్‌డేట్ అవదు, ఐఓఎస్‌తో పాటే అవుతుంది. ‘తర్వాత చేద్దాం’ అని నొక్కుకుంటూ పోతే బ్రౌజర్ కూడా పాతబడిపోతుంది.

నెల్లూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: క్రికెట్ స్కోరు చూస్తుంటే ‘మీ ఫోన్‌లో 4 వైరస్‌లు, వెంటనే క్రోమ్ అప్‌డేట్ చేయండి’ అని వచ్చింది. చేయాలా?

వద్దు బాబూ. వెబ్ పేజీ నీ ఫోన్‌లోకి తొంగి చూసి వైరస్‌లు లెక్కపెట్టలేదు. క్రోమ్ అప్‌డేట్ ప్లే స్టోర్‌లోనే, ఫోన్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోనే, మూడో చోటు లేదు. ఆ ట్యాబ్ మూసేయి. ‘అప్‌డేట్’ అని రాసిన పేజీలో దిగేది ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ని ఎక్కించే ఫైల్. ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో తిరిగేవీ అలాంటివే, ఇన్‌స్టాల్ అవగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాయి, ఓటీపీలు వాడికి పోతాయి. 2024 చివర్లో గూగుల్ మన దేశంలో ప్లే ప్రొటెక్ట్‌తో (ఫోన్‌లోని యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ కాపలా) ఇలాంటి వాటిని అడ్డుకోవడం మొదలుపెట్టింది. అందుకే ఇప్పుడు మోసగాళ్లు ‘ముందు ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయండి’ అని ఫోన్‌లో బతిమాలుతున్నారు. ఆ మాట ఎవరు అన్నా ఫోన్ పెట్టేయి.

హనుమకొండ నుంచి ఒక గృహిణి: మా బ్యాంకు సైటు పేరు చివర ‘బ్యాంక్ డాట్ ఇన్’ అని మారింది. ఇది కూడా మోసమా? టెన్షన్‌గా ఉంది.

మోసం కాదమ్మా. రిజర్వ్ బ్యాంకే 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంకులన్నీ ఆ పేరుకి మారాలని చెప్పింది. ఆ పేరు అందరికీ ఇవ్వరు, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే రిజర్వ్ బ్యాంకు వారి సంస్థ బ్యాంకులకి మాత్రమే ఇస్తుంది. చూడాల్సింది, మొదట్లో ఉండే https:// వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు ఏముందో. అక్కడ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అని ముగిస్తే సరే. ‘బ్యాంక్-ఇన్ డాట్ కామ్’ అని మధ్యలో అడ్డగీత ఉంటే వాడు ఐదొందలు పెట్టి కొనుక్కున్న పేరు. ఈ తేడా పట్టుకోవడం కష్టమనిపిస్తే మెసేజ్‌లో వచ్చిన లింకు వదిలేసి బ్యాంకు యాప్ తెరవండి. వివరాలు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత నాకు రాయండి.

రాజమండ్రి నుంచి ఒక ఉద్యోగి: నా పాత ఫోన్ అమ్మకి ఇద్దామనుకుంటున్నాను. ఎంత పాతదైతే ఇవ్వకూడదు?

కొన్న ఏడాది కాదు, ఆండ్రాయిడ్ నంబరు చూడండి. క్రోమ్ 139 నుంచి, అంటే 2025 ఆగస్టు నుంచి, ఆండ్రాయిడ్ 10 గానీ అంతకంటే పైది గానీ ఉంటేనే కొత్త క్రోమ్ వస్తుంది. మీది 8 గానీ 9 గానీ అయితే అమ్మగారికి ఫోన్ మాట్లాడుకోవడానికి, పాటలు వినడానికి ఇవ్వండి. ఫోన్‌పే, బ్యాంకు యాప్ మాత్రం అందులో పెట్టకండి.