అరికాలిలో నల్లమచ్చ.. బయాప్సీ లేకుండా స్కాన్‌తోనే తేల్చేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా అమ్మకి 58 ఏళ్లు. పొలం పనికి పోతది, ఎక్కువ శాతం చెప్పుల్లేకుండానే. ఏడాదిన్నర నుంచి ఎడమ కాలి మడమ కింద నల్లమచ్చ ఉంది, మొదట్లో కందిగింజంత ఉండేది, ఇప్పుడు రూపాయి బిళ్లకి కొంచెం తక్కువగా ఉంది. నొప్పి, దురద ఏమీ లేవు. స్కిన్ డాక్టర్ బయాప్సీ చేయాలన్నారు. కోస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని చుట్టాలు భయపెడుతున్నారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడేమో కోయకుండానే లేజర్‌తో చూసి చెప్పే మెషీన్లు వచ్చాయి, ఆగమంటున్నాడు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, జగిత్యాల జిల్లా

సమాధానం: చూడమ్మా, మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, అలాంటి మెషీన్లు నిజంగానే ఉన్నాయి, కానీ మీ అమ్మగారి మచ్చ ఉన్న చోటుకి అవి పెద్దగా పనికిరావు. అందుకని వాటికోసం ఆగొద్దు.

ముందు మీ ఊళ్లోనే అయ్యే టెస్ట్ గురించి చెప్తా. డెర్మోస్కోప్ అని చేతిలో పట్టుకునే చిన్న పరికరం, చాలామంది స్కిన్ డాక్టర్ల దగ్గర ఉంటుంది, మచ్చని పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, పైగా చర్మం మీద మెరుపుని తగ్గించే లైటు ఉండటం వల్ల కంటికి కనపడని లోపలి రంగు కూడా తెలుస్తుంది. సూది లేదు, నొప్పి లేదు, ఐదు నిమిషాల పని. అరికాలి చర్మం దగ్గరగా చూస్తే మిర్చి తోటలో బోదెలు, సాళ్లు ఉన్నట్టే ఉంటుంది, ఒక గీత ఎత్తు, పక్క గీత పల్లం. మామూలు పుట్టుమచ్చలో నల్లరంగు ఎక్కువగా పల్లపు గీతల్లో ఉంటుంది. మెలనోమా అనే క్యాన్సర్‌లో రంగు ఎత్తు గీతల మీద, అంటే చెమట రంధ్రాలు తెరుచుకునే చోట పరుచుకుంటుంది. ఇది బాగా పట్టి చూపించింది జపాన్ డాక్టర్లు, ఎందుకంటే వాళ్లకీ మనకీ మెలనోమా వస్తే ఎక్కువగా అరికాలు, అరచేయి, గోరు కింద వచ్చే రకమే, తెల్లవాళ్లకి ఎండ వల్ల వచ్చే రకం లాంటిది కాదు. ఎత్తు గీతల మీద రంగు కనిపిస్తే సైజు ఎంతున్నా బయాప్సీ చేయాలి, అలా లేకపోయినా మామూలు పుట్టుమచ్చ గీతలు స్పష్టంగా కనపడకుండా 7 మిల్లీమీటర్లు దాటితే చేయాలి అని వాళ్ల పద్ధతి. మీ అమ్మగారిది ఆ సైజు ఎప్పుడో దాటింది, పెరుగుతోంది కూడా.

ఒక్కోసారి మడమకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా నల్లగా కనపడుతుంది, డెర్మోస్కోప్‌లో ఎర్రటి నలుపు చుక్కల్లా ఉండి పైపైన బ్లేడుతో గీకితే పోతుంది, కానీ అది కొన్ని వారాల్లో తగ్గిపోవాలి, ఏడాదిన్నర పాటు పెరుగుతూ ఉండదు.

ఇక మీ తమ్ముడు చెప్పిన లేజర్ మెషీన్. దాన్ని కాన్ఫోకల్ మైక్రోస్కోప్ అంటారు. చర్మం మీద పెట్టి 830 నానోమీటర్ల లేజర్ కాంతి పంపితే లోపలి కణాలు విడివిడిగా, దాదాపు బయాప్సీ స్లైడ్ చూసినట్టే తెరమీద కనిపిస్తాయి. అమెరికాలో 2016 నుంచి దీనికి బిల్లింగ్ కోడ్‌లు, అంటే ఇన్సూరెన్స్‌కి బిల్లు వేసే నంబర్లు కూడా ఉన్నాయి. మొహం మీద అనుమానంగా ఉన్న మచ్చకి ఇది నిజంగా గొప్ప సాయం, చాలామందికి అనవసరంగా ముక్క తీయడం తప్పుతుంది, నాకైతే ఇది మన దగ్గర కూడా ఎక్కువ చోట్లకి రావాలని ఉంది. కానీ ఆ కాంతి పావు మిల్లీమీటర్ లోతు వరకే వెళ్తుంది. అరికాలి పైపొరే అంతకన్నా మందం, అందులోనూ చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన కాలు. అసలు చూడాల్సిన చోటుకి కాంతి చేరకముందే ఆగిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకి కంటి ఆస్పత్రిలో చేసే ఓసీటీ స్కాన్ చాలామందికి తెలుసు కదా, అలాంటిదే చర్మానికీ ఉంది, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు చూస్తుంది, మొహం మీద వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్‌కి బాగా పనికొస్తుంది, మెలనోమాకి అంతగా కాదు. 20 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ అని ఇంకోటి, అది గడ్డ ఎంత లోతుందో కొలుస్తుంది కానీ మంచిదో చెడ్డదో చెప్పలేదు. కొంతమంది నేరుగా పెట్ స్కాన్ చేయించేస్తే పోలా అంటారు, దయచేసి ఆ డబ్బు ఇప్పుడు పెట్టొద్దు, అది క్యాన్సర్ అని తేలాక వేరేచోటికి పాకిందేమో చూడ్డానికి, పల్చటి మచ్చ ఏంటో చెప్పడానికి కాదు. ఫోన్‌లో ఫొటో తీస్తే చెప్పే యాప్‌లు కూడా నమ్మొద్దు, వాటికి నేర్పిన ఫొటోల్లో ఎక్కువ తెల్లచర్మానివే, మన అరికాలు వాటికి సరిగ్గా తెలీదు.

కోస్తే పాకుతుంది అన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. ఆ భయంతో నెలలు నెలలు ఇంట్లో కూర్చున్నాకే రోగం ముదురుతుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా కష్టమవుతుంది, జనం ఏమో కోయడం వల్లే అనుకుంటారు. బయాప్సీ అంటే పెద్ద ఆపరేషన్ కాదమ్మా, మత్తు సూది మచ్చ దగ్గరే ఇస్తారు, అదే రోజు ఇంటికొస్తారు. వీలైతే మచ్చ మొత్తం ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల అంచుతో తీస్తారు, మడమ మీద అంత పెద్దది ఒకేసారి తీయడం కుదరకపోతే డెర్మోస్కోప్‌తో చూసి ఎక్కడ ఎక్కువ అనుమానంగా ఉందో అక్కడినుంచే ముక్క తీయాలి. అది మీ డాక్టర్‌ని అడగండి, తీసేముందు ఫొటో కూడా తీసి పెట్టమనండి. కుట్లు మానేదాకా కొన్నివారాలు పొలానికి పంపొద్దు.

అప్పటిదాకా జీడి పెట్టడం, పసరు రాయడం, ఆనెకాయ అనుకుని కార్న్ క్యాప్ అంటించడం, లేజర్‌తో కాల్పించడం ఏదీ చేయొద్దు, కాల్చేస్తే పరీక్షకి పంపడానికి ఏమీ మిగలదు.

రిపోర్ట్‌లో మెలనోమా అని రాకపోతే చాలా సంతోషం. వస్తే అందులో బ్రెస్లో థిక్‌నెస్ అని, అంటే క్యాన్సర్ చర్మంలోకి ఎంత లోతు దిగిందో చెప్పే నంబర్ ఒకటి మిల్లీమీటర్లలో ఉంటుంది, గజ్జల్లో గ్రంథి పరీక్ష అవసరమా, చుట్టూ ఎంత కండ తీయాలి అనేవి ఎక్కువగా దాన్ని బట్టే నిర్ణయిస్తారు. ఆ నంబర్‌తో మళ్లీ రాయండి, తర్వాత ఏ ఆస్పత్రిలో ఎవర్ని కలవాలో అప్పుడు చెప్తాను. బయాప్సీ మాత్రం ఈ వారంలోనే చేయించండి.