వయసు పెరిగేకొద్దీ రాత్రంతా మేలుకోవడం ఎందుకు కష్టమవుతుంది?

వయసు పెరిగేకొద్దీ రాత్రంతా మేలుకోవడం కష్టమవడానికి ముఖ్య కారణం నిద్ర, మెలకువల వేళలను నడిపే మన జీవ గడియారం ముందుకు జరగడం, అంటే నిద్రవేళ త్వరగా రావడం. నిద్రకు వేళయిందని శరీరానికి తెలిపే మెలటోనిన్ హార్మోను కౌమారంలో రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. సుమారు 20 ఏళ్ల వయసులో ఈ ఆలస్యం గరిష్ఠానికి చేరి, తర్వాత ఏటికేడూ తగ్గుతూ వస్తుంది. గాఢనిద్ర కూడా వయసుతోపాటే తగ్గుతుంది.

ఉదాహరణకు, 19 ఏళ్ల విద్యార్థి అర్ధరాత్రి దాటినా చురుగ్గా చదవగలడు, మరునాడు మధ్యాహ్నం దాకా పడుకుని లోటు చాలావరకు తీర్చుకుంటాడు. 55 ఏళ్ల తండ్రికి రాత్రి 10 గంటలకే కళ్లు మూతపడతాయి. బలవంతంగా మేలుకున్నా, ఎంత అలసిపోయినా తెల్లవారేసరికి మెలకువ వచ్చేస్తుంది. ఆ బడలిక మర్నాడంతా వదలదు.

దీన్నిబట్టి కుర్రవాళ్లకు జాగరణ ఏమీ చేయదని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు, ప్రమాదకరమైన పొరపాటు కూడా. నిద్రలేని రాత్రి తర్వాత ఏకాగ్రతను, స్పందించే వేగాన్ని కొలిచే పరీక్షల్లో పెద్దవారికంటే యువతే ఎక్కువగా తడబడుతున్నట్టు తేలింది. రాత్రంతా చదివి ఉదయాన్నే బండి నడిపే 20 ఏళ్ల యువకుడికి తన స్పందనలు మందగించాయన్న సంగతి తెలియకపోవచ్చు.