నామినీ తమ్ముడైతే డబ్బంతా అతనిదేనా?

ప్రశ్న: గత నెలలో నాన్నగారు పోయారు. వీలునామా రాయలేదు. మలక్‌పేటలో ఆయన సొంత సంపాదనతో కొన్న ఫ్లాట్, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఒక స్కూటరు ఉన్నాయి. డిపాజిట్లకు తమ్ముడు నామినీ. అమ్మ, నేను, తమ్ముడు, పెళ్లయిన చెల్లెలు, నాయనమ్మ ఉన్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మీ అయిదుగురివీ సమాన వాటాలే. చెల్లెలికి పెళ్లయినా వాటా పోదు. చాలా ఇళ్లలో మరిచిపోయేది నాయనమ్మని. కొడుకు ఆస్తిలో తల్లి మొదటి తరగతి వారసురాలు, అంటే భార్యాపిల్లలతో సమానంగా వాటా ఉన్న మనిషి. రేపు ఆమె వీలునామా లేకుండా కాలం చేస్తే, ఆ అయిదో వంతులో మీ బాబాయిలకూ మేనత్తలకూ హక్కు వస్తుంది. అందుకే పంపకం వాయిదా వేయకండి. అలాగని ఆ పెద్దావిడ చేత బలవంతంగా సంతకం పెట్టించడం తప్పు. వాటా వదులుకోవాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

ముందు జీహెచ్ఎంసీ ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో పేరు సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ప్రతి కౌంటర్లోనూ ఆపుతారు. ఆధార్‌తో, ఫ్లాట్ దస్తావేజుతో పోల్చి, తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. తర్వాత మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. విచారణ జరిపి తహసీల్దారు ఇస్తారు. అందులో అయిదు పేర్లూ ఉండాలి.

డిపాజిట్ల సొమ్ము బ్యాంకు తమ్ముడికే ఇస్తుంది. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు చాలు, కోర్టు పత్రం అక్కర్లేదు. కానీ నామినీ అంటే అందరి తరఫున డబ్బు అందుకునే మనిషి, అంతే. దాన్ని అయిదుగురికీ పంచాలి. ఈలోగా నాన్నగారి ఏటీఎం కార్డు వాడకండి, రేపు తగాదా అక్కడే పుడుతుంది. నామినీ లేని పెద్ద మొత్తాలకు సిటీ సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం (సక్సెషన్ సర్టిఫికెట్) అడగవచ్చు. అది ఫ్లాట్‌కు పనికిరాదు. పాస్‌బుక్కులో ఏటా 436 లేదా 20 రూపాయలు కోసినట్టుంటే గట్టిగా ఆరా తీయండి. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. ఒక్కోటి 2 లక్షలు, అయితే రెండోది ప్రమాద మరణానికే.

ఫ్లాట్ అమ్మ పేరున ఉంచాలనుకుంటే మిగతా నలుగురూ తమ వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు రాసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించండి. వంద రూపాయల బాండు పేపరు మీద సంతకాలతో సరిపెట్టుకుంటే అమ్మేనాడు కొనేవాళ్లు ఒప్పుకోరు. ఇంటిపన్ను, కరెంటు మీటరు పేర్ల మార్పు ఆ తర్వాతే. వాటివల్ల యాజమాన్యం రాదు.

స్కూటరు సంగతి ఆర్టీఏకు 30 రోజుల్లో తెలిపి, మరణించిన మూడు నెలల్లోగా బండిని వారసుల పేరుకు మార్చే దరఖాస్తు, ఫారం 31 దాఖలు చేయండి. ఇప్పటికే నెల కావస్తోంది కాబట్టి ఈ వారమే వెళ్లండి.