హుమాయూన్ సమాధి నక్షత్రం వెడల్పుగా వస్తోందా? చదరంలో గీయకండి

ఢిల్లీలోని హుమాయూన్ సమాధి మీద కనిపించే ఆరు కోణాల నక్షత్రాన్ని గీయడానికి గ్రాఫ్ పేపర్ మీద 20 సెం.మీ. చదరం గీసి అందులో ఇరికిస్తే, అది పక్కలకి సాగినట్టు వస్తుంది. ఆరు కోణాల నక్షత్రం చదరంలో సరిగ్గా పట్టదు. కొన పైకి ఉంటే ఎత్తు 20 అయినప్పుడు వెడల్పు 17.3 మాత్రమే.

1. 10 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం, మధ్యలో నిలువు గీత.
2. ఆ గీత పైన వృత్తాన్ని తాకిన చోట కంపాస్ ముల్లు పెట్టి, ముల్లుని ప్రతి కొత్త గుర్తు మీదికి జరుపుతూ చుట్టూ ఆరు గుర్తులు పెట్టండి.

అందరూ తప్పేది ఇక్కడే. వృత్తం గీశాక కంపాస్‌ని ముట్టుకోకూడదు, అదే వెడల్పుతో తిరిగితే ఆరో గుర్తు సరిగ్గా మొదటి చోటుకే వస్తుంది, రాకపోతే కంపాస్ వదులైందని అర్థం, చెరిపి మళ్లీ మొదలుపెట్టండి, సర్దుకుపోతే తర్వాత త్రిభుజాలు కలవవు.

3. ఒక గుర్తు వదిలి ఒకటి కలపండి. రెండు త్రిభుజాలు వస్తాయి.
4. త్రిభుజాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు కావాలంటే, ప్రతి భుజాన్ని రెండో త్రిభుజం గీతలు దాటే రెండు చోట్లలో ఒకచోట పైనుంచి, ఒకచోట కిందనుంచి పోనివ్వండి.

ఫోటో మీద ట్రేస్ చేయకండి, 1570 ప్రాంతపు ఆ కట్టడంలో నక్షత్రాలు కమానుల వంపుకి రెండు పక్కలా పైమూలల్లో ఎత్తున ఉంటాయి కదా, కిందనుంచి తీస్తే పొట్టిగా కనిపిస్తాయి.